గడ్డి పడవ సరంగు

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, దోహా.
గురువారం, 12–6–1997.

పూజ్యులైన అత్తయ్యగారికి,

కోడలు ధాత్రి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అబ్బాయి, నేను ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ ఏలూరులో మీరూ మామయ్యగారూ కులాసాగా ఉన్నారని మీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. జవాబు ఆలస్యమైంది. తీరిక లేక కాదు. తీరిక తప్ప ఈ ఇంట్లో నాకింకేం ఉంది? మొదలుపెట్టి చింపేసిన కాగితాలతో చెత్తబుట్ట నిండింది. ఈసారి చింపదలుచుకోలేదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. ఆవకాయ క్షేమంగా చేరింది. అంటే జాడీ క్షేమంగా చేరింది, నూనెలో సగం మేడ మీద అరుంధతి గారి తమ్ముడి సూట్‌కేసు తాగేసింది. ఆయన తెల్ల చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి. పాపం మర్యాదస్థుడు, పల్లెత్తు మాట అనలేదు, పైగా ఆవకాయ ఘుమఘుమలాడుతోందని మెచ్చుకున్నాడు. మామయ్యగారి మోకాళ్ళకి యాక్స్ ఆయిల్ సీసాలు ఆ తమ్ముడు మళ్ళీ అటు వచ్చినప్పుడు ఆయనతో పంపుతాను. ఎండల సంగతి అడిగారు. మధ్యాహ్నం కుళాయి తిప్పితే ఎసరు నీళ్ళే వస్తున్నాయి. మీ అబ్బాయి చిక్కిపోలేదు, బెంగపెట్టుకోకండి. శనివారం పొద్దున్నే దుఖాన్ డ్యూటీకి వెళ్ళి వారమంతా అక్కడే కంపెనీ క్వార్టర్స్‌లో ఉండి బుధవారం సాయంత్రానికి ఇంటికొస్తున్నారు. అక్కడ భోజనం బాగుంటుందట. బెల్టుకి కొత్త రంధ్రం పొడిపించుకున్నారు.

ఇక మీ ఉత్తరంలో చివరి పేజీ. "చేయి జారడం ఎవరికైనా ఉన్నదే తల్లీ, దానికే ఇంతగా కుమిలిపోతారా? ఎంగిలితో చేసే పని ఎప్పటికీ అచ్చిరాదు. ఉద్యోగం పోతే పోయింది, మనసు రాయి చేసుకో" అని రాశారు. ఓదార్చడానికే రాశారని తెలుసు. కానీ ఆ వాక్యం చదువుతుంటే స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా నేను కుర్చీలోంచి లేవలేదు. ఇంకా అడిగారు: "ఎయిర్‌పోర్ట్‌లో కాళ్ళకి దణ్ణం పెట్టావు గానీ నా మొహం కేసి చూడలేదు. నా వల్ల ఏం లోపం జరిగిందో చెప్పు" అని. చెబుతాను. కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి. మీకు తెలిసిన సంగతులు కూడా మధ్యలో వస్తాయి, విసుక్కోకండి.

నేను ఈ దేశం వచ్చింది మీ అబ్బాయి వీసా మీద. నా పాస్‌పోర్టులో ముద్ర మీకు చదివి వినిపించాను కూడా, ఉద్యోగం చేయరాదని. హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చదివి, మెడల్ మెళ్ళో వేయించుకుని, ఇక్కడికొచ్చి నాలుగేళ్ళు తాలింపులు పెట్టాను. తాలింపు కూడా ఒక కళే అంటారు మీ అబ్బాయి. అవును, పూటపూటకీ గిన్నెతో సహా కడిగేసే కళ.

మా పెళ్ళి ఫోటోకి అద్దం పగిలితే, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఫ్రేములు కట్టే ఫరీదుద్దీన్ గారి దుకాణానికి వెళ్ళాను. ఆయనది మన హైదరాబాదు పాతబస్తీ. నేను వెళ్ళేసరికి ఒక పాత నూనెరంగుల చిత్రం ముందు కూర్చుని, పుల్లకి చుట్టిన దూదిని నాలుక మీద తడిపి, బొమ్మ మీద వేలెడంత మేర మెల్లిగా తిప్పుతున్నారు. తిప్పిన చోట నల్లటి మైల పోయి నీలం ఆకాశం బయటపడింది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే నవ్వి, "థూక్ బేటీ, థూక్. దవాఖానల దొరకదు ఇసుంటి మందు. గోరువెచ్చగ ఉంటది, నరమ్‌గ ఉంటది. రంగును ముట్టదు, మైల ఒక్కటే తింటది" అన్నారు. ఉమ్ముతో మైల తీస్తారని చదువుకునే రోజుల్లో పుస్తకంలో చదివాను గానీ నమ్మలేదు. ఆ రోజు ఒక పుల్ల నాకూ ఇచ్చారు. తర్వాత చాలా పుల్లలు ఇచ్చారు. నోరు పుక్కిలించి, కారం తినకుండా, కాఫీ తాగకుండా కూర్చుంటే పూటంతా కూర్చోగలనని తెలిసింది. "నీ చేతికి సబర్ ఉంది" అనేవారాయన. సబర్ అంటే ఓర్పు. నాలుగేళ్ళలో నన్ను ఎవరైనా పని విషయంలో మెచ్చుకోవడం అదే మొదటిసారి అత్తయ్యా.

ఆయన దుకాణంలోనే ఖమర్ సుల్తానా గారు నన్ను చూశారు. ఆవిడా హైదరాబాదే. ఇక్కడ ఒక పెద్దింటి ఖతారీ మేడమ్ దగ్గర బొమ్మల వ్యవహారం అంతా చూస్తారు. ఆ మేడమ్ లండన్ వెళ్ళినప్పుడల్లా విక్టోరియా రాణి కాలం నాటి పడవల చిత్రాలు కొంటుందట. యుద్ధనౌకలు, రాజుల ఓడలు ఊరికే ఇచ్చినా వద్దంటుందట. బొగ్గు మోసేవి, ఇటుకలు మోసేవి, చేపలు పట్టేవి, అలా ఒళ్ళొంచి పనిచేసే పడవలైతేనే కావాలట. వాళ్ళ తాతలు ముత్యాల కోసం పడవల మీద నెలల తరబడి వెళ్ళినవాళ్ళు. ఆవిడ ఇంటి గోడల నిండా అవే, సగం పొగచూరిపోయి ఉన్నాయి. వాటిని బాగుచేస్తూ, చూసుకుంటూ ఉండడానికి మనిషి కావాలి. ముందు ఒక్క బొమ్మ బాగుచేసి చూపించు, నచ్చితే ఉద్యోగం నీదే, వీసా కూడా మేడమే ఇస్తుంది అన్నారు. నా పేరు మీద వీసా. ఎవరి భార్యనో రాయక్కర్లేని వీసా. ఆ రోజు నేను టాక్సీ ఎక్కకుండా ఎండలో ఇంటిదాకా నడిచి వచ్చాను, ఎందుకంటే కూర్చోవడం చేతకాలేదు.

ఆ బొమ్మ ఇంటికి వచ్చిన వారానికి మీరు వచ్చారు. హాల్లో ఏసీ ఒక్కటే సరిగ్గా పనిచేస్తుంది కాబట్టి భోజనాల బల్ల మీద పెట్టుకున్నాను, మీ దేవుడి అర కింద. చూసీ చూడగానే మీరేమన్నారో చెప్పనా? "అయ్యో, పడవ బురదలో కూరుకుపోయిందేమే! నడవని పడవని ఇంట్లో పెట్టుకుంటారటే?" అన్నారు. అది కూరుకుపోలేదు, ఆటు సమయంలో థేమ్స్ నదిలో నీళ్ళు తీస్తే కావాలనే బురద మీద కూర్చుంటుంది, అడుగు బల్లపరుపుగా ఉంటుంది, గుర్రపు బళ్ళు నేరుగా దాని పక్కకి వచ్చి సరుకు దింపుకుంటాయి, పోటు రాగానే లేచి వెళ్ళిపోతుంది అని చెప్పాను. సరుకేమిటని అడిగారు. గడ్డి అన్నాను. లండన్‌లో గుర్రాలకి మేత. అంతే, మీరు కళ్ళజోడు తెచ్చుకుని బల్ల దగ్గర కుర్చీ లాక్కున్నారు. "మా చిన్నప్పుడు కొల్లేటి లంకల నుంచి మా ఏలూరు కాలువలోకి గడ్డి పడవలొచ్చేవి. పడవ కనపడేది కాదు, గడ్డిమేటే నడిచొస్తున్నట్టుండేది" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు మీ మొహం చిన్నపిల్ల మొహంలా అయింది. ఇది నేను మర్చిపోలేదు. నా కోపంలో కూడా మర్చిపోలేదు.

తర్వాత మైల కింద నుంచి ఒక బండి గుర్రం పక్కన ఆ మనిషి బయటపడ్డాడు. ముందు గుర్రం కాళ్ళు, తర్వాత పగ్గం, తర్వాత పగ్గం పట్టుకున్న చెయ్యి, ఆ తర్వాత మనిషి. బురదలో పిక్కల దాకా దిగి, పడవ కేసి చూస్తూ నిలబడ్డ మనిషి. మొత్తం కలిపి నా చిటికెన వేలంత. "వీడే సరంగు" అన్నారు మీరు. "సరంగు పడవలో ఉండాలి గానీ గుర్రం దగ్గరెందుకుంటాడు అత్తయ్యా, బండివాడై ఉంటాడు" అంటే, "ఆ నిలబడ్డం చూడవే, పడవ నాది అన్నట్టు లేడూ! సరంగే" అని తేల్చేశారు. రోజూ పొద్దున స్నానం చేసి రాగానే "సరంగుకి మొహమొచ్చిందా?" అని అడిగేవారు. అత్తలేని కోడలు ఉత్తమురాలు అంటారు గానీ, ఆ రోజుల్లో నాకు అత్త ఉండడమే బాగుంది.

పుల్ల నోట్లో పెట్టుకోవడం మీ కంట పడకూడదని మీరు వంటింట్లో ఉన్నప్పుడే పని చేసేదాన్ని. ఎన్నాళ్ళని దాస్తాను? ఒకరోజు చూశారు. "ఎంగిలే! దేవుడెదురుగా ఎంగిలే!" అని చెవులు మూసుకున్నారు, చూసింది కళ్ళతో అయినా. నేనూ ఊరుకోలేదు, నోట్లో ఉన్నంతసేపూ లేని ఎంగిలి బొమ్మ మీదకొస్తే ఎలా వచ్చిందని వాదించాను. మీరు తిట్టలేదు. తిడితే బాగుండేది. దేవుళ్ళని వంటింటి అలమరలోకి మార్చుకున్నారు. ఆ రోజు నుంచి నా చేతి వంట మానేశారు. నేను కలిపిన కాఫీ కూడా "కడుపులో మంటగా ఉందమ్మా" అని పక్కన పెట్టేవారు, తర్వాత మీరే కలుపుకుని తాగేవారు. అయినా సరంగుని చూడడం మానలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరం నుంచి చూసి వెళ్ళేవారు. వాడికి మొహం వచ్చిన రోజు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. నాకు ఒక పక్క ఏడుపు, ఒక పక్క నవ్వు.

మీ అబ్బాయి సంగతి కూడా చెప్పాలి. "ఇద్దరిలో ఎవరో ఒకరు తగ్గండి" అనేవారు పేపరు వెనకనుంచి. అత్తాకోడళ్ళ మధ్య అడకత్తెరలో పోకచెక్కనైపోయానని దుఖాన్‌లో స్నేహితులకి చెప్పుకునేవారట. ఆ పోకచెక్క ఏనాడూ నలగలేదు అత్తయ్యా.

జనవరిలో ఆ గురువారం. బొమ్మ పని పూర్తయింది. మైల పోయింది, పాత వార్నిష్ పోయింది, రంగులు ఏ రక్షణా లేకుండా బయటికి ఉన్నాయి. కొత్త వార్నిష్ పూత ఒక్కటే మిగిలింది. దానికోసం నేను ఫరీదుద్దీన్ గారి దుకాణానికి వెళ్ళాను. మర్నాడు సాయంత్రం ఖమర్ సుల్తానా గారు వచ్చి చూస్తానన్నారు. మీరు పూజ చేసుకుని, మేడ మీద అరుంధతి గారింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళారు. వెళ్ళేముందు ఏం చేశారో మీకు తెలుసు. నాకు తెలుసని మీకు తెలియదు. తమలపాకుతో బొమ్మ నిండా పసుపునీళ్ళు చల్లారు. ఫ్రేముకి నాలుగు మూలలా కుంకుమ బొట్లు పెట్టారు. ఎంగిలి దోషం పోవాలని, నాకు ఉద్యోగం రావాలని చేశారు. నాకోసమే చేశారు. మంత్రాలకి చింతకాయలు రాలవని నేనంటే, రాలేదాకా చదవాలని మీరంటారు.

ఆ పసుపు ఆకాశం మీద, గడ్డిమేటు మీద, గుర్రం మీద, సరంగు మీద చుక్కలు చుక్కలుగా పడింది. వార్నిష్ లేదు కాబట్టి పట్టింది. మీరు చూడలేదు, కళ్ళజోడు పెట్టుకోలేదు గనక. నేను తిరిగి వచ్చేసరికి బొమ్మ మీద దుప్పటి కప్పి ఉంది. తీసి చూశాను.

నా చేయి జారలేదు అత్తయ్యా.

ఇది మీరు మరోసారి చదువుకోండి. కావాలంటే మామయ్యగారి చేత పైకి చదివించుకోండి, ఆయనకీ తెలియాలి. నేను ఇంట్లో లేని ఆ గంటలో నిద్రలేచి వచ్చి, పసుపు మరకలు చూసి, నా బల్ల మీద వార్నిష్ కరిగించే స్పిరిట్ సీసా తీసి, వంటింటి గుడ్డ తడిపి రుద్దింది మీ అబ్బాయి. పసుపు పోవడం లేదని ఇంకా గట్టిగా రుద్దారు. గుర్రానికి మెడ పోయింది. దాని పక్కన ఏమీ లేదు. గుడ్డ మీద మాత్రం గోధుమరంగు మరక ఉంది. సరంగు అక్కడున్నాడు.

ఎందుకు చేశారని అడిగాను. "నువ్వొచ్చి చూస్తే అమ్మని ఏమంటావోనని భయమేసింది. ఇల్లు రణరంగం అయిపోతుందనుకున్నా" అన్నారు. మీరు వచ్చిన నాటి నుంచి నేను మీ మీద ఎప్పుడైనా గొంతు లేపానా? వాదించాను, అలిగాను, గొంతు లేపలేదు. "సరే, మనిషిని ఎందుకు చెరిపారు?" అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చకుండా. "అక్కడ మనిషున్నాడా? నేను చూడలేదే."

మీరు పొద్దున్నే లేచి అడిగిన సరంగు. కొంగు అడ్డం పెట్టుకుని కూడా చూసిన సరంగు. అదే బల్ల చివర కూర్చుని రోజూ ఇడ్లీలు తిన్న మీ అబ్బాయికి, అక్కడో మనిషున్నాడని తెలియదు. రుద్దినదాని కన్నా ఆ మాటే నాకు పెద్దది.

ఇంకొకటి వినండి. చీర మీద పసుపు పడితే ఏం చేయాలో పెళ్ళైన కొత్తలో నాకు మీరే చెప్పారు. సబ్బు పెట్టి రుద్దకూడదు, మొండికేస్తుంది, ఎండలో వేస్తే అదే ఎగిరిపోతుంది అని. ఆ బొమ్మని ఆ మధ్యాహ్నమే కిటికీ దగ్గర నిలబెట్టాను. దోహాలో కరువైంది నీడే గానీ వెలుగు కాదు. శుక్రవారం సాయంత్రానికి ఆకాశం మీద పసుపు ఆనవాలు లేదు. గడ్డి మీద లేదు. మీ పసుపు ఎవరికీ ఏ హానీ చేయలేదు అత్తయ్యా. రుద్దిన చోటు ఒక్కటే మిగిలింది, కాన్వాసు బట్ట కనపడుతూ.

ఖమర్ సుల్తానా గారు రావడానికి ముందు మీ అబ్బాయి నా చేతులు పట్టుకున్నారు. "అమ్మ వంటింట్లోనే ఉంది. ఆవిడ తెలుగులోనే మాట్లాడుతుంది, అమ్మ వింటుంది. పసుపు మాట ఎత్తావంటే అమ్మ తట్టుకోలేదు. నీ చేయి జారిందని చెప్పెయ్. చేతి పనిలో జరిగేదే కదా, వాళ్ళూ అర్థం చేసుకుంటారు" అన్నారు. తన మాట ఎక్కడా రాలేదు, గమనించండి. అంతా మీకోసమే. నేను నమ్మాను. కాదు, నమ్మలేదు, ఒప్పుకున్నాను.

ఆవిడ వచ్చారు. మీరే కాఫీ ఇచ్చారు. దుప్పటి తీయగానే ముందు ఆవిడ మొహం వెలిగింది, ఆకాశం చూసి. తర్వాత వంగి చూసి, "అరె, గుర్రం పట్టుకున్న మనిషి ఏడ బోయిండు?" అన్నారు. మధ్యలో ఒకసారి, వాడికి మొహం ఇంకా రాకముందు, బొమ్మని దుకాణానికి తీసుకెళ్ళినప్పుడు ఆవిడా వాడిని చూశారు. నా చేయి జారిందని చెప్పాను. ఆవిడ నా మొహంలోకే చూస్తూ, "నీ చెయ్యి నేను జూసిన ధాత్రీ. గట్ల జారే చెయ్యి కాదది. ఇంట్ల ఎవరన్న ముట్టిండ్రా? నిజం జెప్పు, మేడమ్‌తోని నేను మాట్లాడ్త" అన్నారు.

మీరు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిలో ట్రేతో. మీ అబ్బాయి సోఫా వెనక నిలబడి ఉన్నారు, తేలు కుట్టిన దొంగలా. తలుపు నాకోసం తెరిచే ఉంది. ఒక్క మాట అంటే చాలు. "లేదు మేడమ్, జారింది" అన్నాను. మీరు ట్రే కింద పెట్టి వచ్చి నా వీపు నిమిరారు. పోనీలే తల్లీ అన్నారు. ఆ చేతిని నేను విసిరి కొట్టలేదు, అదొక్కటే నా గొప్పతనం.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. మీరు ఉన్న మిగతా రోజులన్నీ నాకు ఇష్టమైనవే వండారు, పాలు వేడిచేసి తెచ్చారు, నేను తిన్నాను గానీ మాట్లాడలేదు. ఎయిర్‌పోర్ట్‌లో మీ మొహం చూడలేదు. మీ వల్ల ఏ లోపమూ జరగలేదు. కోపం రావలసింది మీ అబ్బాయి మీద. కానీ ఆయనతో నేను ఉండాలి, మీరు విమానం ఎక్కి వెళ్ళిపోతారు. అందుకని ఆ కోపం మీ మీద చూపించాను. అది అన్యాయం. క్షమించమని అడగడానికి మొహమాటం లేదు, అడుగుతున్నాను.

ఇక్కడ ఏం జరిగిందో మాత్రం మీకు తెలియదు. నా చేయి జారిందన్న కబురు దోహాలో ఫ్రేములు కట్టేవాళ్ళందరికీ పాకింది. ఫరీదుద్దీన్ గారు మంచివారు కాబట్టి, "ఉస్తాదులకు గూడ చెయ్యి ఫిసల్తది బేటీ" అంటారు. అంటారు గానీ నా ముందు బొమ్మ పెట్టరు. కంపెనీల గ్రూప్ ఫోటోలకి అట్ట అంటించే పని ఇస్తున్నారు. ఆ దయ చూస్తే నాకు చచ్చిపోవాలనిపిస్తుంది. ఇంట్లో మీ అబ్బాయి అయితే నన్ను ఓదార్చడం కూడా మొదలుపెట్టారు. మొన్న కంపెనీ వాళ్ళు భోజనానికి వచ్చినప్పుడు, "ధాత్రికి పెద్ద ఉద్యోగం రావలసింది, చిన్న పొరపాటు చేసింది పాపం" అన్నారు నా ఎదురుగానే. అబద్ధం చెప్పినవాళ్ళకి తెలిసే ఉంటుంది అబద్ధమని. ఆయన దాన్ని నమ్మేశారు. మీ ఉత్తరం ఆ తర్వాతి వారమే వచ్చింది, చేయి జారడం ఎవరికైనా ఉన్నదే అంటూ.

ఆ ఉత్తరం చదివిన మర్నాడే ఖమర్ సుల్తానా గారింటికి వెళ్ళాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. జరిగిందంతా చెప్పాను. పసుపుతో సహా. ఆవిడ అడ్డు చెప్పకుండా విన్నారు. "నాకు అప్పుడే అనుమానమొచ్చింది. నీ చెయ్యి మంచిదే, నేను మేడమ్‌కు గూడ అదే జెప్పిన" అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు ఆవిడ, "గని అమ్మా, నేను అంత అడిగితే మొహం మీద అబద్ధం జెప్పినవు. రేపు బొమ్మకు ఇంకేమన్న అయితే ఎవరినో కాపాడనీకి మల్ల చెప్తవు. తాళాలు నీ చేతుల ఎట్ల బెడతం?" అన్నారు. కోపంగా కాదు, చాలా మెత్తగా అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? చేతులు కాలాక నేను ఆకులు పట్టుకున్నాను. వాళ్ళు వేరొకరిని పెట్టుకున్నారట, లెబనాన్ అతనట. గడ్డి పడవ బొమ్మ అతని దగ్గరే ఉంది. గుర్రాన్ని సరిచేశాడట. మనిషి మొహం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ చోట బురద రంగు వేసేశాడట.

మొహం ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు ఇద్దరమే. మీరు, నేను. నన్ను ఎవరూ పిలవలేదు.

దసరాకి రానా అని అడిగారు. తప్పకుండా రండి. మిమ్మల్ని రావద్దనడానికి ఇది రాయలేదు. ఎంగిలి అచ్చిరాలేదని మాత్రం ఇక ఎవరితోనూ అనకండి. అరుంధతి గారికి కూడా అలాగే రాశారట, ఆవిడ నాతో చెప్పారు. నా ఎంగిలి ఆ బొమ్మకి ఆకాశాన్ని తెచ్చింది, గుర్రాన్ని తెచ్చింది, మీ సరంగుని తెచ్చింది. పోగొట్టింది మీ కడుపున పుట్టినవాడు. ఇంత కటువుగా కోడలు అత్తగారికి రాయకూడదని తెలుసు. మెత్తగా రాసినవన్నీ చింపేశాను.

కింద ఖాళీ మీ అబ్బాయికి వదిలాను. ఈ ఉత్తరం మొత్తం ఆయన చేతికిస్తున్నాను. చదివి, రుద్దింది నేనే అని ఆ చోటులో ఒక్క ముక్క రాయమని అడుగుతాను. ఇంకేమీ వద్దు. ఎందుకు చేశారో కూడా వద్దు. మీ కొడుకు చేత్తో ఆ ఒక్క ముక్క మీ చేతికి వస్తే, ఈ ఇంట్లో ఉండడానికి నాకు ఇంకా ఒక కారణం ఉందనుకుంటాను. ఆయన రాశాక నేను చూడను. శనివారం పొద్దున దుఖాన్ వెళుతూ కవరు ఆయనే అతికించి పోస్టులో వేస్తారు. చింపేస్తే మీకు అందదు, అందలేదని తెలిస్తే మళ్ళీ రాస్తాను. అందితే, ఆయన ఏం రాశారో మీరే నాకు రాయండి.

మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ కోడలు,
ధాత్రి.

అమ్మా, నేను కులాసా. దుఖాన్‌లో ఈ నెల డ్యూటీ చాలా ఎక్కువగా ఉంది. ధాత్రి అన్నీ వివరంగా రాసింది కాబట్టి నేను ప్రత్యేకంగా రాయవలసింది ఏమీ లేదు. నువ్వు దేనికీ మనసు కష్టపెట్టుకోకు. నాన్నని ఎండలో బయటికి వెళ్ళనివ్వకు.

ఇట్లు,
నీ కొడుకు,
నితీష్.